టేపు ఉంటే చాలదు.. తిరిగి చదవగలగాలి
డేటా టేపు లైబ్రరీకి ధూళి, చెమ్మ, అలసత్వమే శత్రువులు

పహాణీలు, జనన మరణ వివరాలు, బ్యాంకు ఖాతాల పద్దులు ఒకప్పుడు దస్తరాల గదుల్లో ఉండేవి. చెదలు పట్టకుండా, చెమ్మ తగలకుండా వాటిని కాపాడుకోవడమే పెద్ద పని. నేడు ఆ వివరాలన్నీ కంప్యూటర్లకెక్కాయి. కాపాడాల్సిన బాధ్యత మాత్రం తగ్గలేదు, రూపం మార్చుకుందంతే. భారీగా సమాచారం ఉన్న సంస్థలు అదనపు నకళ్లను ఇప్పటికీ అయస్కాంత టేపుల మీద దాచుకుంటున్నాయి. వందలాది టేపులను ఒకచోట ఉంచి, అడిగినదాన్ని వెతికి తీసే యంత్రమే టేపు లైబ్రరీ.

ఆదుకున్న టేపులు

2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ మార్పులో దొర్లిన లోపం వల్ల కొందరు జీమెయిల్ వినియోగదారుల ఉత్తరాలు మాయమయ్యాయి. బాధితులు మొత్తం వినియోగదారుల్లో 0.02 శాతమని గూగుల్ ప్రకటించింది. వేర్వేరు డేటా కేంద్రాల్లోని నకళ్లకూ లోపం పాకింది. నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా విడిగా ఉన్న టేపులు మాత్రం క్షేమంగా మిగిలాయి. వాటి నుంచే ఉత్తరాలను తిరిగి రాబట్టారు. డేటాకు తాళం వేసి సొమ్ము గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాల నుంచి రక్షణకూ ఇదే సూత్రం పనిచేస్తుంది. లైబ్రరీ నుంచి తీసి బీరువాలో పెట్టిన టేపును దూరాన ఉన్న దొంగ తాకలేడు.

యంత్రం పనిచేసేదిలా..

లైబ్రరీలో అరలు, టేపును చదివి రాసే డ్రైవులు, టేపును అర నుంచి డ్రైవుకు చేర్చే రోబో చేయి ఉంటాయి. ప్రతి కార్ట్రిడ్జ్ మీద బార్‌కోడ్ చీటీ ఉంటుంది. రోబో దాన్ని చూసే టేపును గుర్తిస్తుంది. చీటీ చిరిగినా, వంకరగా అంటించినా గుర్తింపు దెబ్బతింటుంది. ఎల్టీఓ-9 రకం కార్ట్రిడ్జ్‌లో అర అంగుళం వెడల్పున 1,035 మీటర్ల టేపు చుట్టి ఉంటుంది. తలవెంట్రుక కన్నా ఎంతో పలుచనైన ఈ టేపు మీద 18 టెరాబైట్ల సమాచారం పడుతుంది. అంత కిక్కిరిసిన చోట చిన్న ధూళి కణం కూడా గీత పెట్టగలదు. ధూళి వల్ల కొన్ని టేపులు దెబ్బతిన్న అనుభవంతో ఐరోపాలోని అణు పరిశోధన సంస్థ సెర్న్, లైబ్రరీల లోపలి ధూళిని కనిపెట్టే సెన్సార్లను సొంతంగా రూపొందించుకుంది.

శుభ్రత.. అడిగినప్పుడే

డ్రైవు తలను శుభ్రపరచడానికి ప్రత్యేక క్లీనింగ్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. రకాన్ని బట్టి 15 నుంచి 50 సార్లు వాడవచ్చు. గడువు తీరినదాన్ని పెడితే ఫలితం ఉండదు. అలాగని రోజూ శుభ్రం చేయడమూ తప్పే. ఆ టేపుకు కొద్దిపాటి గరుకుదనం ఉండటంతో డ్రైవు తల అరుగుతుంది. డ్రైవు కోరినప్పుడు చేస్తే చాలు.

లోపం టేపుదా, డ్రైవుదా అన్నది తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. ఒకే టేపు పలు డ్రైవుల్లో మొరాయిస్తే లోపం టేపుది. పలు టేపులు ఒకే డ్రైవులో మొరాయిస్తే లోపం డ్రైవుది. ఈ తేడా తెలియక మంచి డ్రైవును మార్చితే ఖర్చు వృథా. చెడ్డ టేపును వాడుకలో ఉంచితే సమాచారానికే ముప్పు.

తరం మారితే తంటా

హైదరాబాద్ సమీపంలోని షాద్‌నగర్ భూకేంద్రానికి చేరిన ఉపగ్రహ సమాచారాన్ని తొలి దశాబ్దాల్లో టేపుల మీదే భద్రపరిచారు. అలాంటి పాత టేపులు ఎక్కడున్నా ప్రశ్న ఒక్కటే. టేపు బాగున్నా, చదివే డ్రైవు దొరుకుతుందా? సరిగా దాచిన టేపు 30 ఏళ్ల వరకు మన్నుతుందని తయారీదారులు చెబుతారు. డ్రైవులు అంతకాలం అందుబాటులో ఉండవు. ఎల్టీఓ-9 డ్రైవు ఎనిమిదో తరం టేపులను చదువుతుంది గానీ ఏడో తరం వాటిని చదవలేదు. 2025లో వచ్చిన ఎల్టీఓ-10 డ్రైవు పాత తరాల టేపులను వేటినీ చదవదు. అందుకే డ్రైవులు ఉండగానే సమాచారాన్ని కొత్త తరానికి ఎక్కించుకోవాలి.

పాటించాల్సిన జాగ్రత్తలివీ..

* దీర్ఘకాలం దాచే టేపులను 16 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 నుంచి 50 శాతం తేమ ఉండే గదిలో ఉంచాలి.
* బయటి నుంచి తెచ్చిన టేపును వెంటనే వాడకూడదు. 24 గంటలు గది వాతావరణానికి అలవాటు పడనివ్వాలి.
* కింద పడిన కార్ట్రిడ్జ్‌ను డ్రైవులో పెట్టకూడదు. లోపలి పిన్ను పక్కకు జరిగి ఉంటే డ్రైవూ పాడవుతుంది.
* కొత్త ఎల్టీఓ-9 టేపు తొలిసారి సిద్ధం కావడానికి రెండు గంటల వరకు పట్టవచ్చు. మధ్యలో ఆపకూడదు.
* డ్రైవును మార్చే ముందు సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పక్కకు తప్పించాలి. ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పోకుండా చూసుకోవాలి.
* ఒక నకలును వేరే ఊళ్లో భద్రపరచడం మేలు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది పరీక్ష. నిర్ణీత వ్యవధిలో కొన్ని టేపులను తీసి, అందులోని సమాచారాన్ని వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి సరిచూసుకోవాలి. నకలు తీసే పని విజయవంతమైందని తెర మీద కనిపించినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. తిరిగి చదివి చూసినప్పుడే ఆ టేపుకు విలువ. ఆపద వచ్చిన రోజున మొదటిసారి పరీక్షిస్తే, లోపం బయటపడినా దిద్దుకునే వ్యవధి ఉండదు.