మన మాట నిలిపిన కాళోజీ

పిల్లలూ! మీరు ఇంట్లో అమ్మతో తెలుగులో మాట్లాడుతారు. బడికి వెళ్ళగానే లెక్కలూ, చరిత్రా, భూగోళమూ అన్నీ ఇంట్లో ఎన్నడూ వినని భాషలో చెప్పితే ఎలా ఉంటుంది? బడి సంగతి అలా ఉంచండి. మీ తాతగారి పొలం కాగితం ఆ భాషలోనే ఉంది. కచేరీలో తీర్పు ఆ భాషలోనే చదువుతారు. తన పొలం తనకు దక్కిందో, పోయిందో తెలుసుకోవటానికి ఆయన మరొకరి ముఖం చూడవలసిందే!

ఇది కట్టుకథ కాదు. నిజాం పాలించిన హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారు. కాని పై చదువులూ, కచేరీలూ, సర్కారు కాగితాలూ అన్నీ ఉర్దూలోనే. 1921లో హైదరాబాదులో ఒక పెద్ద సభ జరిగింది. ఇతర భాషలలో ఉపన్యాసాలు సాగుతూ ఉంటే అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో గోల చేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు! ఆ అవమానం తెలుగువారికి గుచ్చుకొన్నది. ఆ యేడే వారు ఆంధ్ర జన సంఘం అనే సంఘాన్ని పెట్టుకొన్నారు.

ఇటువంటి కష్టం మనకే వచ్చిందనుకోకండి. ఐరోపాలో బెల్జియం అనే చిన్న దేశం ఉన్నది. అందులో గెంట్ అనే నగరం నూలు మిల్లులకు పేరుపడినది. అక్కడి మామూలు జనం మాట్లాడేది ఫ్లెమిష్. అది డచ్చి భాషలో ఒక రకం. కాని న్యాయస్థానాలలోనూ, విశ్వవిద్యాలయంలోనూ ఫ్రెంచి భాషదే పెత్తనం. ఆ ఊళ్ళో జూలియస్ వైల్‌స్టేక్ అనే కవి ఉండేవాడు. ఆయన వకీలు చదువు చదివాడు, నగరసభలో సభ్యుడుగా పనిచేశాడు, జనానికి వారి భాషలో పుస్తకాలు అందించటానికి పాటుపడ్డాడు. ఆయన 1903లో చనిపోయాడు. గెంట్ విశ్వవిద్యాలయంలో డచ్చి బోధనభాష అయేసరికి 1930 వచ్చింది.

ఇక మన ఊరి మాట. వైల్‌స్టేక్ పోయిన మరుసటి యేడే, అంటే 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది. గెంట్ వారి సంగతి హనుమకొండ వారికి తెలియదు, వీరి సంగతి వారికి తెలియదు. అయినా ఇద్దరికీ తోచిన ఉపాయం ఒక్కటే: పుస్తకం!

గెంట్‌కు వైల్‌స్టేక్ ఎలాగో, మనకు కాళోజీ నారాయణరావు అలాగు. కాళోజీ 1914 సెప్టెంబరు 9వ తేదీన కర్ణాటకలోని బిజాపూరు జిల్లాలో, రట్టిహళ్ళి అనే గ్రామంలో పుట్టాడు. తండ్రి రంగారావు మరాఠీవాడు, తల్లి రమాబాయి కన్నడం మనిషి. మరి ఆయనకు తెలుగు ఎక్కడిది? ఆ కుటుంబం వరంగల్లు దగ్గరి మడికొండకు వచ్చి స్థిరపడింది. మడికొండ వాడకట్టులో వినిపించిన తెలుగే ఆయన తెలుగు. అన్నగారు రామేశ్వరరావు ఉర్దూలో కవి. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు – ఇన్ని భాషలు కాళోజీకి వచ్చు.

చూశారా! తెలుగు కోసం పోరాడిన మనిషికి ఉర్దూ మీద కోపం లేదు. ఒక భాష వచ్చినవారు ఇంకొక భాషవారి నోరు నొక్కటం మీదనే ఆయన కోపమంతా.

ఆయన వకీలు చదువు చదివాడు. కాని డబ్బు సంపాదన మీద ధ్యాస పెట్టలేదు. గ్రంథాలయ ఉద్యమంలో తిరిగాడు, ఆంధ్ర మహాసభలో పనిచేశాడు, నిజాం పాలనను ఎదిరించి జైలుకు వెళ్ళాడు. 1946 ఆగస్టులో వరంగల్లు కోటలో జెండా ఎగరవేసినందుకు రజాకార్లు దాడిచేసి బత్తిని మొగిలయ్యను చంపారు. నోరు మూసుకొని కూర్చోవటం కాళోజీకి చేతకాదు. సర్కారు ఆయనను వరంగల్లు నుండి బహిష్కరించింది.

1953లో ఆలంపురంలో జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలలో ఆయన కవితల పుస్తకం వెలువడింది. దాని పేరు ‘నా గొడవ’. ఇదేం పేరు అని మీరు నవ్వవచ్చు. ఊళ్ళో ఎవరికి అన్యాయం జరిగినా అది తన గొడవే అని ఆయన లెక్క. అందుకే జనం ఆయనను ‘ప్రజాకవి’ అన్నారు.

తెలుగులోనే చిన్నచూపు ఉండటం కూడా ఆయన ఒప్పుకోలేదు. పుస్తకాల తెలుగు ఒక్కటే గొప్పదనీ, తెలంగాణా పల్లెల్లో మాట్లాడేది మోటదనీ కొందరు అనేవారు. జనం నోట నలిగే మాటే అసలైన భాష అని ఆయన వాదించాడు. తానూ అలాగే వ్రాశాడు.

1958 నుండి 1960 వరకు ఆయన శాసనమండలి సభ్యుడు. పదవి వచ్చిందని గొంతు తగ్గించలేదు. 1975లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు దానిని ఖండించాడు. ఆ పిమ్మట జలగం వెంగళరావుగారి మీద సత్తుపల్లిలో పోటీచేసి ఓడిపోయాడు. గెలుస్తామని తెలిస్తేనే పోటీకి దిగాలనే నియమం ఆయనకు లేదు!

1992లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 2002 నవంబరు 13న ఆయన కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. బ్రతికినన్నాళ్ళూ మాటతో చదువు చెప్పిన మనిషి, పోయాక దేహంతో కూడా చదువు చెప్పాడన్నమాట. ఆయన పుట్టినరోజును 2014 నుండి తెలంగాణా భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. వరంగల్లులోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

ఈనాడు మీలో చాలామంది ఇంగ్లీషులో చదువుకొంటున్నారు. మంచిదే! కాళోజీకీ ఇంగ్లీషు వచ్చు. ఎన్ని భాషలైనా నేర్చుకోండి. కాని మీ బామ్మ వాడే మాట విని నవ్వకండి. అర్థం తెలియకపోతే అడిగి, ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకోండి. సెప్టెంబరు 9 నాటికి ఎన్ని మాటలు పోగవుతాయో చూడండి!