ముందు పనిముట్లు, తరువాత పునాది

కంప్యూటరు యంత్రభాగములకును, ప్రోగ్రాములకును మధ్యవర్తి ఆపరేటింగ్ సిస్టమ్. మెమరీలో చోటు కావలెనన్నను, కాగితముపై అచ్చు వేయవలెనన్నను ప్రోగ్రాము దానినే అడుగవలెను. అడుగు తీరు ఒక్కొక్క సిస్టమునకు ఒక్కొక్క విధము. అందుచే విండోస్ కొరకు తయారైన ప్రోగ్రాము సాధారణముగా లినక్స్‌పై నేరుగా నడువదు. కార్యాలయములలో సిస్టము మార్చుటకు ఇదియే పెద్ద చిక్కు.

ఫ్రాన్సు దేశపు జాందార్మరీ అను పోలీసు దళము ఈ మార్పును మెట్లు మెట్లుగా సాధించెను. విండోస్ ఉండగనే 2005లో ఓపెన్ ఆఫీసును, 2006లో ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లను ప్రవేశపెట్టెను. ఇవి రెండు సిస్టములపైనను నడచును. ఉద్యోగి చేయి అలవాటుపడునది ఇట్టి ప్రోగ్రాములకే. 2008లో ఉబుంటు లినక్స్‌కు మారుట ఆరంభమైనపుడు పునాది మారినను, చేతిలోని పనిముట్లు పాతవే.

మార్పు తలపెట్టు కార్యాలయము మొదట విచారింపవలసినది ఇదియే: నిత్యము వాడు ప్రోగ్రాములలో రెండుచోట్లను నడచున వేవి? పాత దస్త్రములు వానిలో చెదరక తెరచుకొనునా?