శేషాచలం బూడిద అడవికోడి – పెరటికోళ్లతో అనుబంధం, సంరక్షణ

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఆకురాల్చే అడవులలో తెల్లవారుజామున వినిపించే కూత అంతా పెంపుడు కోడిపుంజులది కాదు. శేషాచలం కొండలలోని తలకోన పరిసరాలలోనూ, వెదురు పొదలు గల లోయలలోనూ బూడిద అడవికోడి (గాలస్ సొన్నెరాటి) నివసిస్తున్నది. ఇది భారతదేశానికే పరిమితమైన జాతి.

పుంజు మెడ ఈకలపై మైనపు బొట్లవంటి పసుపు, తెలుపు మచ్చలుంటాయి. గాలపు కృత్రిమ ఈగల తయారీకి ఈ ఈకలకు విదేశాలలో గిరాకీ ఉండడం వేటకు ఒక కారణమైనది. పెట్ట గోధుమవర్ణంతో ఆకుల నేలలో కలిసిపోతుంది. ఇవి నేలను గీరి విత్తనాలు, రాలిన పండ్లు, చెదలు, పురుగులు తింటాయి. రాత్రి చెట్లపై విశ్రమిస్తాయి.

పెరటికోడితో సంబంధం

పెంపుడు కోడికి ప్రధాన పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. అయితే చర్మానికి, కాళ్లకు పసుపు రంగునిచ్చే జన్యు రూపం బూడిద అడవికోడి నుండి సంక్రమించినదని 2008లో వెలువడిన పరిశోధన నిరూపించింది. ఆహారంలోని కెరోటినాయిడ్లను విచ్ఛిన్నం చేసే బీసీడీఓ2 జన్యువు చర్మంలో తక్కువగా పనిచేయడం వలన ఆ వర్ణకాలు నిలిచిపోతాయి. రైతు పెరటిలోని పసుపుకాళ్ల కోడి ఈ అడవిపక్షి వారసత్వాన్ని మోస్తున్నదన్నమాట.

పొంచి ఉన్న ముప్పు

పెట్ట నేలపైనే గూడు పెట్టి సుమారు 4 నుండి 7 గుడ్లను మూడు వారాలపాటు పొదుగుతుంది. ప్రధానంగా ఫిబ్రవరి నుండి మే వరకు సాగే ఈ కాలంలోనే అడవికి నిప్పు అంటుకుంటుంది. ఎండుటాకుల మధ్యనున్న గూడు దానికి తట్టుకోలేదు. ఉచ్చులు మరొక ప్రమాదం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ పక్షిని వేటాడడం నేరం.

అంచు గ్రామాలలో పెరటికోళ్లు, అడవికోళ్లు ఒకే చోట మేత మేసినప్పుడు కొక్కెర తెగులు వంటి వ్యాధులు, జాతి సంకరం రెండూ సంభవించవచ్చు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• పిల్లకోళ్లకు మొదటి వారంలో లాసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా వేయించాలి.
• చనిపోయిన కోళ్లను అడవిలో పారవేయక, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.
• పెరటికోళ్లను అడవి అంచున మేపరాదు.
• వేసవిలో పొలం గట్లపై నిప్పు పెట్టకుండా రైతులకు అవగాహన కల్పించాలి.

పెరటికోడి ఆరోగ్యాన్ని కాపాడే ఈ పనులే దాని అడవి బంధువునూ కాపాడతాయి.