తూటాకో పన్ను, అంగుళానికో పన్ను

అమెరికాలో రైఫిల్ గొట్టం 16 అంగుళాలుంటే అది మామూలు తుపాకీ. అరంగుళం తగ్గిందా, వేలిముద్రలు, ఫొటో, దరఖాస్తు, నిన్నమొన్నటిదాకా 200 డాలర్ల పన్ను కూడా. నాలుగంగుళాల గొట్టమున్న పిస్టల్‌కు మాత్రం ఈ తంటా లేదు! చొక్కా కింద దాగేది పిస్టలే కదా అంటారా? 1934లో చట్టం ముసాయిదా రాసినవాళ్లూ అలాగే అనుకుని పిస్టళ్లు, రివాల్వర్లను పన్నులో చేర్చారు. రైఫిల్ గొట్టం కోసేసి పిస్టల్‌లా వాడతారేమోనని పొట్టి రైఫిళ్లనూ కలిపారు. తీరా కాంగ్రెస్‌లో పిస్టళ్లు జారిపోయాయి. వాటికి కాపలాగా పెట్టిన నిబంధన మాత్రం మిగిలిపోయింది.

షాట్‌గన్‌కైతే హద్దు 18 అంగుళాలు. ఎందుకు రెండంగుళాలు ఎక్కువంటే, మొదట రెంటికీ 18 ఉండేది. 1960లో రైఫిల్‌కు మాత్రం తగ్గించారు.

ఆ 200 డాలర్లు 1934లో చిన్న మొత్తమేమీ కాదు. కొనేవాణ్ని బెదరగొట్టడానికే పెట్టారు. తర్వాత ధరలన్నీ పెరిగినా ఆ అంకె కదల్లేదు. 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకు, పొట్టి రైఫిళ్లకు, పొట్టి షాట్‌గన్లకు పన్ను సున్నా. మెషీన్‌గన్లకు పాత 200 అలాగే ఉంది. పన్ను పోయింది కదా, కాగితాలూ పోయాయనుకుంటే పొరపాటే. సున్నా డాలర్ల కోసం వేలిముద్రలు వేయాల్సిందే.

ఈ అంగుళాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. థాంప్సన్ సెంటర్ అనే కంపెనీ పది అంగుళాల పిస్టల్‌తో పాటు భుజానికి ఆనించుకునే చెక్క, 21 అంగుళాల గొట్టం కలిపి కిట్‌గా తయారుచేసింది. పొడుగు గొట్టంతో బిగిస్తే చట్టబద్ధమైన రైఫిల్. అదే చెక్కకు పొట్టి గొట్టం తగిలిస్తే పన్ను పడే సరుకు. బిగించకుండా పెట్టెలో ఉన్నదాన్ని ఏమనాలి? పొట్టి రైఫిలేనంది అధికార యంత్రాంగం. కంపెనీ 200 డాలర్లూ కట్టి, తిరిగిమ్మని దావా వేసింది. చట్టంలో స్పష్టత లేదు కాబట్టి మేలు కంపెనీకే దక్కాలని 1992లో తీర్పొచ్చింది. న్యాయమూర్తులే 5–4గా చీలిపోయిన చోట, కొట్లో నిలబడ్డ మనిషికి ఏం తెలుస్తుంది?

ఇది కాక ఇంకో పన్నుంది. పిస్టళ్లు, రివాల్వర్లపై 10 శాతం. రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాలపై 11 శాతం. కట్టేది తయారీదారు లేదా దిగుమతిదారు. వసూలు చేసేది మద్యం, పొగాకు పన్నులు చూసే కార్యాలయం. ఆ డబ్బు వెళ్లేది వన్యప్రాణుల సంరక్షణకు! అడవి మొహం చూడకుండా అట్ట గురి మీద కాల్చుకునేవాడి తూటా కూడా జింకల మేతకు చందా ఇస్తోందన్నమాట. నాకు నచ్చిన మెలిక ఇదొక్కటే.

కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి అమ్మకందారుపై మరో 11 శాతం. సియాటిల్ నగరంలో 2016 నుంచి తుపాకీకి 25 డాలర్లు, తూటాకు 2 లేదా 5 సెంట్లు. రెండా అయిదా అన్నది తూటా సైజును బట్టి.

సైజుల సంగతీ అంతంతే. పాయింట్ 38 స్పెషల్ తూటా వెడల్పు నిజానికి 0.357 అంగుళాలు. మన పల్లెల్లోనూ వినపడే ‘12 బోర్’ అసలు వెడల్పే కాదు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను, అదీ లెక్క. అందుకే 20 బోర్ కంటే 12 బోరే పెద్దది.

మన దగ్గర పన్నొక్కటే, జీఎస్టీ. రివాల్వర్లు, పిస్టళ్లపై 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 చేశారు. లైసెన్సు తెచ్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరిగినా, బిల్లు దగ్గర రివాల్వర్‌దీ కూల్‌డ్రింకుదీ ఒకే శ్లాబు.