ఒంట్లో మిగిలిన కట్టుబాటు

శరీరం ప్రకృతి ఇచ్చినదనీ, ఆచారం సమాజం పెట్టినదనీ, మొదటిది మారనిదైతే రెండవది మార్చుకోదగినదనీ సాధారణంగా భావిస్తారు. ఈ విభజన ఎంత పలుచనిదో తెలియడానికి పెళ్లి సంబంధాల నియమాన్ని పరిశీలిస్తే చాలు. ఎవరు ఎవరిని పెళ్లాడాలో నిర్ణయించేది సమాజమే అయినా, ఆ నిర్ణయం వందల ఏళ్లు నిలిచినప్పుడు అది పుట్టబోయే బిడ్డ నెత్తురులో చేరుతుంది.

ఆచారం శరీరాన్ని మలచడం కొత్త సంగతేమీ కాదు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి చాలామందికి పసితనం దాటాక తగ్గిపోతుంది. పశుపోషణ సాగిన కొన్ని సమాజాల్లో మాత్రం, గత పది వేల ఏళ్లలోపే, ఆ శక్తి పెద్దయ్యాక కూడా నిలిచి ఉండే జన్యుమార్పు వ్యాపించింది. అక్కడ మంద ముందు వచ్చింది, జన్యువు తరువాత వచ్చింది. అయితే ఆ మార్పు మనుగడకు మేలు చేసింది కాబట్టి వ్యాపించింది. కులం చేసిన పని అటువంటిది కాదు.

కులానికి మూలం అంతర్వివాహమే, అంటే సొంత వర్గంలోనే పెళ్లిళ్లు చేసుకోవడమే అని 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేద్కర్ వాదించారు. దాదాపు శతాబ్దం తరువాత, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం, ఉపఖండంలోని భిన్న జనసమూహాలు సుమారు 4,200 ఏళ్ల క్రితం నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు విస్తారంగా కలిశాయనీ, ఆ తరువాత ఆ కలయిక అరుదైపోయిందనీ జన్యువుల ఆధారంగా తేల్చింది. ముందు కలిసినవారే తరువాత విడిపోయారు కాబట్టి, కులాన్ని పుట్టించింది నెత్తురులోని తేడా కాదు. కులం కట్టిన గోడే నెత్తురులో తేడాను పెంచింది.

ఆ గోడ జాడ తెలుగునేల మీద ఆర్యవైశ్యుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక సమూహం కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, బయటి సంబంధాలు లేకుండా పెరిగితే, ఆ కొద్దిమందిలో యాదృచ్ఛికంగా ఉన్న అరుదైన జన్యులోపం సమూహమంతటా పాకుతుంది. దీన్ని స్థాపక ప్రభావం అంటారు. ఇది మేనరికానికి భిన్నమైనది, ఎందుకంటే వధూవరులకు దగ్గరి చుట్టరికమేదీ లేకపోయినా వారి ప్రాచీన పూర్వీకులు ఒక్కరే కావచ్చు. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరిచే ఎంజైము లోపించడం ఆర్యవైశ్యుల్లో ఇతరులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఎంజైము ఉన్నవారిలో కొద్ది నిమిషాల్లో తగ్గిపోయే మందు ప్రభావం, లేనివారిలో గంటల తరబడి నిలిచి, సొంతంగా ఊపిరి తీసుకోనివ్వదు.

ఇక్కడ తత్త్వశాస్త్రం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ లోపం ఉన్నవారికి రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. 1950ల మొదట్లో ఆ మందు ఆపరేషన్ గదుల్లోకి వచ్చేదాకా, వందల ఏళ్లుగా ఒంట్లో ఉన్న ఆ లక్షణాన్ని లోపమని పిలవడానికి కారణమే లేదు. ఒక కట్టుబాటు దాన్ని పోగుచేసింది, మరొక కాలపు వైద్యం దాన్ని ప్రమాదంగా మార్చింది. కనుక ఆ ప్రమాదం శరీరంలో మాత్రమే ఉందనడం ఎంత అసత్యమో, సమాజంలో మాత్రమే ఉందనడం కూడా అంతే అసత్యం.

ఈ మాట ఒక్క సమూహాన్ని వేలెత్తి చూపేది కాదు, అలా చదవడం అన్యాయం కూడా. 2017లో వెలువడిన మరొక అధ్యయనం దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాలకు, జన్యువ్యాధుల విషయంలో తరచూ ఉదాహరించే ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలమైన స్థాపక ప్రభావం ఉందని గుర్తించింది. టే-శాక్స్ అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే జన్యువు తమలో ఎక్కువని తెలిశాక, ఆ యూదు సమాజాలు 1970ల నుంచి పరీక్షలు చేయించుకుని, ఆ వ్యాధితో పుట్టే పిల్లల సంఖ్యను ఎంతగానో తగ్గించాయి. పెళ్లిచూపుల ముందు జాతకాలు చూసే ఓపిక ఉన్న సమాజానికి ఇటువంటి పరీక్ష భారం కానేరదు.

అటువంటి పరీక్ష వాడుకలోకి వచ్చేంతవరకు, కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి ఆలస్యంగా తిరిగి వచ్చి ఉంటే, ఆ సంగతిని తదుపరి ఆపరేషన్‌కు ముందే మత్తు వైద్యునికి తప్పక చెప్పాలి. ఎంజైము స్థాయిని రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు, ఆ మందుకు బదులు వాడదగిన వేరే మందులు ఉన్నాయి.