కార్బన్ బ్రష్ పని ఎలక్ట్రానిక్స్ చేతికి: పరిశ్రమల్లో బీఎల్‌డీసీ మోటార్లు

మిక్సీ తిరుగుతున్నప్పుడు గాలి రంధ్రాల్లోంచి చూస్తే లోపల చిన్నచిన్న నీలి మెరుపులు కనిపిస్తాయి. కొన్నేళ్లకు అది ఆగిపోతే మెకానిక్ ‘కార్బన్లు అరిగిపోయాయి’ అని కొత్తవి వేస్తాడు. ఆ మెరుపులకూ, ఆ అరుగుదలకూ కారణం ఒక్కటే. తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు దాన్ని ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. ఇంట్లో ఇది చిన్న చికాకు. రాత్రింబవళ్లు నడిచే ఫ్యాక్టరీలో అదే ఉత్పత్తిని ఆపేస్తుంది. మండే ఆవిర్లు ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ ప్రమాదం తెచ్చిపెట్టగలదు. ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చినవే బ్రష్‌లెస్ డీసీ మోటార్లు. వీటినే క్లుప్తంగా బీఎల్‌డీసీ మోటార్లు అంటారు.

ఈ విషయం ఒక్క ఫ్యాక్టరీకి పరిమితం కాదు. ప్రపంచంలో వినియోగమయ్యే విద్యుత్తులో సుమారు 45 శాతం మోటార్ల ద్వారానే ఖర్చవుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2011లో అంచనా వేసింది. మోటార్లలో కొద్దిపాటి పొదుపు కూడా మొత్తం మీద పెద్ద లెక్కే అవుతుంది.

లోపలిది బయటికి, బయటిది లోపలికి

మామూలు డీసీ మోటారులో అయస్కాంతం స్థిరంగా ఉంటుంది, తీగచుట్ట తిరుగుతుంది. చుట్ట అర్ధచుట్టు తిరిగేసరికి కరెంటు దిశ మారకపోతే అది ముందుకు సాగదు. ఈ మార్పిడి కోసమే రాగి పలకల కమ్యుటేటరు, దాన్ని తాకే బ్రష్‌లు ఉంటాయి.

బీఎల్‌డీసీ మోటారులో అమరిక తిరగబడుతుంది. శాశ్వత అయస్కాంతాలు తిరుగుతాయి, తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. అయస్కాంతం ఏ స్థానంలో ఉందో హాల్ సెన్సర్లు కనిపెడతాయి. ఆ సమాచారం ఆధారంగా డ్రైవ్‌లోని ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్‌లు మూడు చుట్టల్లోకి వంతులవారీగా కరెంటు పంపుతాయి. అందుకే డ్రైవ్ లేకుండా ఈ మోటారు నడవదు. టి.జి. విల్సన్, పి.హెచ్. ట్రికీ అనే ఇంజనీర్లు ఈ పద్ధతిని 1962లోనే వివరించారు. అయితే 1980ల్లో శక్తిమంతమైన నియోడైమియం-ఐరన్-బోరాన్ అయస్కాంతాలు, చవకైన పవర్ ట్రాన్సిస్టర్లు వచ్చాకే ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

పరిశ్రమకు ఒరిగేదేమిటి?

బ్రష్ లేదు కాబట్టి రాపిడి, కార్బన్ పొడి, దాని నిప్పురవ్వలు ఉండవు. మిగిలిన అరిగే భాగాలు ప్రధానంగా బేరింగులే. వేడి పుట్టే తీగచుట్టలు బయటి ఒంటికి ఆనుకుని ఉండటంతో త్వరగా చల్లబడతాయి. అంతే శక్తిని తక్కువ పరిమాణంలో, తక్కువ బరువులో పొందవచ్చు. తిరిగే భాగం తేలిక కాబట్టి మోటారు చప్పున వేగం అందుకుంటుంది, చప్పున ఆగుతుంది. రోబో చేతులకు, సీఎన్‌సీ యంత్రాలకు, ప్యాకింగ్ లైన్లకు కావలసింది ఇదే. అక్కడ ఎక్కువగా కనిపించే సర్వో మోటార్లు కూడా ఈ కుటుంబానివే.

అయితే ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడే స్క్విరల్ కేజ్ ఇండక్షన్ మోటారుకూ బ్రష్‌లు ఉండవు. కాబట్టి అసలు పోటీ దానితోనే. ఇండక్షన్ మోటారులో తిరిగే భాగానికి అయస్కాంతత్వం అరువు తెచ్చుకోవాలి. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే అయస్కాంత క్షేత్రం వెనుక అది 1,440 చుట్లే తిరిగితే, దానికి అందిన శక్తిలో 4 శాతం అక్కడే వేడిగా పోతుంది. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకు ఈ నష్టం ఉండదు.

లెక్కలో ఒక మెలిక

7.5 కిలోవాట్ల నాలుగు ధ్రువాల మోటారుకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఐఈ2 తరగతిలో కనీస దక్షత 88.7 శాతం, ఐఈ4 తరగతిలో 92.6 శాతం. ఏడాదికి 6,000 గంటలు పూర్తి లోడుతో నడిస్తే తేడా సుమారు 2,100 యూనిట్లు. కానీ డ్రైవ్ కూడా కొంత విద్యుత్తు తీసుకుంటుంది. అది 3 శాతం అనుకుంటే మిగిలే పొదుపు సుమారు 600 యూనిట్లే. రోజంతా ఒకే వేగంతో తిరిగే యంత్రానికి అంత ఖరీదైన మార్పు అవసరమా అని ఆలోచించాల్సిందే.

వేగం మారే చోట కథ వేరు. ఫ్యానుకు, సెంట్రిఫ్యూగల్ పంపుకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే శక్తి దాదాపు 51 శాతం చాలు. మోటారును పూర్తి వేగంతో తిప్పుతూ వాల్వుతో ప్రవాహాన్ని అడ్డుకుంటే ఈ పొదుపు దొరకదు. ఇండక్షన్ మోటారుకు డ్రైవ్ బిగించినా ఈ లాభంలో చాలా భాగం వస్తుంది. తక్కువ లోడులోనూ దక్షత పెద్దగా పడిపోకుండా ఉండటం శాశ్వత అయస్కాంత మోటారుకు అదనపు బలం.

అయస్కాంతం ఎక్కడిది?

నియోడైమియం అయస్కాంతాల మామూలు రకాలు సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వరకే నమ్మకంగా పనిచేస్తాయి. అంతకు మించిన వేడి తట్టుకోవాలంటే డిస్ప్రోసియం, టెర్బియం వంటి అరుదైన మూలకాలు కలపాలి. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ మూలకాల మీద, వాటితో తయారైన అయస్కాంతాల మీద ఎగుమతి నియంత్రణలు విధించింది. దాంతో భారత వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ లక్ష్యంగా 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. విశాఖపట్నంలో ఐఆర్ఈఎల్ సంస్థకు సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం ఇప్పటికే ఉంది. ఈ అయస్కాంతాలు వేడిని బాగా తట్టుకుంటాయి గానీ ఖరీదెక్కువ. మరోవైపు, అయస్కాంతమే అక్కర్లేని రిలక్టెన్స్ మోటార్లూ మార్కెట్లో ఉన్నాయి.

కొత్త మోటారు కొనే యజమాని ముందుగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. యంత్రం వేగం రోజులో ఎంతగా మారుతుంది? మోటారు పెట్టే చోట వేడి, దుమ్ము ఎంత? డ్రైవ్ పాడైతే బాగుచేసేవారు దగ్గర్లో ఉన్నారా? ఊళ్లోని వైండింగ్ షాపులో చుట్టలు మార్చగలరు గానీ, కాలిపోయిన సర్క్యూట్ బోర్డుకు అక్కడ మందు దొరకడం కష్టం.