అక్షరం అదే... అలంకారం వేరు!

ఇంటికి రంగు మార్చాలంటే గోడలు పడగొట్టి మళ్లీ కడతామా? 1990ల్లో వెబ్‌పేజీలు తయారుచేసేవాళ్లు దాదాపు ఆ పనే చేసేవారు. శీర్షికలు ఎర్రగా కనిపించాలంటే ప్రతి శీర్షికకూ విడివిడిగా ఫాంట్ ట్యాగు తగిలించాల్సిందే. రెండొందల పేజీలుంటే రెండొందల చోట్లా దిద్దుబాటు! ఆ చాకిరీ తప్పించిందే సీఎస్ఎస్... అంటే క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్.

నార్వేకి చెందిన హోకున్ వియుమ్ లీ 1994 అక్టోబరులో ఈ ప్రతిపాదన చేశారు. అప్పుడాయన పనిచేస్తున్నది, వెబ్ పుట్టిన సెర్న్ ప్రయోగశాలలోనే. డచ్ నిపుణుడు బెర్ట్ బాస్ ఆయనకు తోడయ్యారు. 1996 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదముద్ర వేసింది.

నేర్చుకోవడానికి నోట్‌ప్యాడ్, బ్రౌజరూ ఉంటే చాలు. ముందు ఎవరికో చెప్పాలి, తర్వాత ఏమిటో చెప్పాలి. పేరాలకైతే ‘పి’ అని ఇంగ్లిషులో రాసి, ఫ్లవర్ బ్రాకెట్లలో ‘కలర్’, కోలన్, రంగుపేరు, చివర సెమీకోలన్. అంతే! ఈ ఫైలుని అన్ని పేజీలకూ లింకు చేస్తే, ఇక్కడ ఒక్క మాట మారిస్తే సైటంతా మారిపోతుంది. మధ్యలో సెమీకోలన్ మరిచిపోతే మాత్రం బ్రౌజర్ తప్పని చెప్పదు, ఆ ఆజ్ఞనీ దాని తర్వాతిదాన్నీ పట్టించుకోకుండా వదిలేస్తుంది. కొత్తవాళ్లు తలపట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

మరి ఒకే పేరాకి రెండు రంగులు చెబితే? రెండూ సమానమైతే తర్వాత రాసిందే చెల్లుతుంది. అయితే పేరాలన్నిటికీ కలిపి చెప్పినదానికన్నా, ఒక క్లాసు పేరుపెట్టి చెప్పినదానికి బలమెక్కువ.

ఈ శక్తి ఎంతటిదో 2003లో డేవ్ షే మొదలుపెట్టిన ‘సీఎస్ఎస్ జెన్ గార్డెన్’ చూపించింది. అందులో పేజీ ఒక్కటే. స్టైల్ షీట్ మార్చగానే ఓసారి పూలతోట, ఓసారి పాత పుస్తకం!

అందం సరే, చదివేవాళ్ల సంగతి? అక్షరాల సైజుని పిక్సెళ్లలో బిగిస్తే, చూపు ఆనని తాతయ్య బ్రౌజర్ సెట్టింగుల్లో సైజు పెంచుకున్నా అవి పెరగవు. ‘రెమ్’ కొలతలో ఇస్తే ఆయన మాట చెల్లుతుంది. తెలుగుకి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఇంగ్లిషుకి సరిపోయే వరసల ఎడం మనకి చాలదు. పై వరసలోని ఒత్తులు కింది వరసలోని గుడులకు తగులుతాయి. ‘లైన్-హైట్’ దగ్గర 1.2 ఇచ్చి ఓసారి, 1.7 ఇచ్చి ఓసారి... ‘స్త్రీ’, ‘రాష్ట్రీయ’ లాంటి మాటలున్న పేరాని పక్కపక్కనే పెట్టి చూడండి.